వంకీ కింద బిళ్ల ఇమిడింది: వన్‌టౌన్ డాన్స్ డ్రెస్సుల మాస్టారి కుట్టు గురించి

ఆరు నెలల్లో రెండు కూచిపూడి డ్రెస్సులు కుట్టించుకున్నాను ఈ మాస్టారి దగ్గర, నా చేతికి ఉండే షుగర్ సెన్సర్ బిళ్ల లోపల ఇమిడేలా. రెండూ కలిపి ఏడు ప్రోగ్రాములకు వేసుకున్నాను, అందుకే ఇప్పుడు రాస్తున్నాను. మొదటిది తెచ్చుకున్న రోజే రాసేద్దామనుకున్నాను కానీ అమ్మ ఆగమంది. నాలుగు సార్లు చెమటకు తడిసి, ఆరి, మళ్లీ ఒంటి మీదకు వస్తే గానీ డాన్స్ డ్రెస్సు సంగతి తెలియదు.

షాపు బెజవాడ వన్‌టౌన్‌లో ఉంది, వస్త్రలత బట్టల మార్కెట్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, ఒక సందులో పాత మేడ మీద రెండో అంతస్తు. బోర్డు లేదు. పేరు, ఫోన్ నంబరు పెట్టొద్దని ఆయనే అన్నారు, ఉన్న పనికే చేతులు చాలడం లేదట. మీకు డాన్స్ నేర్పే టీచర్లను ఇద్దరు ముగ్గురిని అడిగితే ఎవరో ఒకరు దారి చెప్తారు, మాకూ అలాగే తెలిసింది.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఈ కుట్టులో గొప్ప ఏంటో అర్థం కాదు. నాకు 19 ఏళ్లు. ఆరో ఏట నుంచి కూచిపూడి నేర్చుకుంటున్నాను. 2016 డిసెంబరులో మన ఇందిరాగాంధీ స్టేడియంలో ఆరు వేల మందికి పైగా కలిసి ఒకేసారి నాట్యం చేసి గిన్నిస్ రికార్డు కొట్టారు కదా, ఆ వరసల్లో ఎక్కడో నేనూ ఉన్నాను, అప్పుడు నాకు పదేళ్లు. ఆ తర్వాతి వేసవిలోనే దాహం మొదలైంది. ఎన్ని నీళ్లు తాగినా చాలదు, రాత్రి నాలుగు సార్లు బాత్రూముకి లేవడం, ఒంట్లో కండ అంతా కరిగిపోవడం. ఎండల వల్ల అనుకున్నారు ఇంట్లో. వాంతులు మొదలై, ఊపిరి బరువుగా తీస్తుంటే హాస్పిటల్‌కి తీసుకెళ్లారు, నాలుగు రోజులు ఐసీయూ. టైప్ 1 డయాబెటిస్ అన్నారు.

ఇది స్వీట్లు తింటే వచ్చేది కాదు. తాతయ్యలకు వచ్చే షుగరూ కాదు. ఒంట్లో రోగాలతో పోట్లాడాల్సిన వ్యవస్థే పొరపాటున క్లోమంలో ఇన్సులిన్ తయారు చేసే కణాలను చంపేస్తుంది. ఆ తర్వాత బతికి ఉండాలంటే ఇన్సులిన్ బయట నుంచి ఎక్కించుకోవాల్సిందే, రోజుకు నాలుగైదు సార్లు, జీవితాంతం. మాత్రలతో కుదరదు, కషాయాలతో అసలే కుదరదు. 1922లో మొదటిసారి ఒక మనిషికి ఇన్సులిన్ ఇచ్చారు, ఆ అబ్బాయికి 14 ఏళ్లు. అంతకుముందు నా వయసు పిల్లలకు ఈ జబ్బు వస్తే నెలల్లో, మహా అయితే ఏడాది రెండేళ్లలో పోయేవారు. ఈ మాట మా డాక్టరు గారు నాకు 12 ఏళ్లప్పుడు చెప్పారు, భయపెట్టడానికి కాదు, సూది అంటే ఏడుస్తున్నానని. ఆ రోజు నుంచి నేను సూదికి ఏడవలేదు.

ఇప్పుడు డాన్స్‌కీ దీనికీ లింకు. డాన్స్ చేస్తే షుగర్ పడిపోతుంది. కానీ స్టేజి ఎక్కే ముందు టెన్షన్‌కి పెరుగుతుంది. అదే ఐటెమ్, అదే పాట, ఇంట్లో ప్రాక్టీసు చేస్తే 90కి దిగుతుంది, స్టేజి మీద చేస్తే 240కి వెళ్తుంది, ఆ రాత్రి నిద్రలో మళ్లీ పడిపోతుంది. అందుకని ఎడమ చేతికో కుడి చేతికో, భుజం కింద వెనకవైపు, ఒక సెన్సర్ అతికించుకుంటాను. పది రూపాయల బిళ్ల కంటే కాస్త పెద్దది, తెల్లగా ఉంటుంది, రెండు వారాలు పనిచేస్తుంది. చర్మం కింద సన్నటి పోగు ఒకటి ఉండి షుగర్ ఎంతుందో ఫోన్‌కి పంపిస్తూ ఉంటుంది. ఒక్కోటి మాకు నాలుగు వేల పైనే పడుతుంది కాబట్టి ఏడాది పొడుగునా పెట్టుకోలేను, ప్రోగ్రాములు ఉన్న నెలల్లోనే.

కూచిపూడి డ్రెస్సు తెలిసినవాళ్లకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. బిళ్ల ఎక్కడ ఉండాలో సరిగ్గా అక్కడే వంకీ వస్తుంది. జాకెట్టు చేతులు కూడా అక్కడే బిగువుగా పడతాయి. బిళ్ల మీద ఒత్తిడి పడితే అది తప్పు లెక్క చెప్తుంది, ఉన్నదాని కంటే బాగా తక్కువ చూపిస్తుంది. రాత్రి ఆ చెయ్యి మీద పడుకున్నా ఇదే జరుగుతుంది. రెండేళ్ల క్రితం ఒక ప్రోగ్రాములో వంకీ కట్టుకుని స్టేజి పక్కన వింగ్‌లో నిలబడి ఉంటే ఫోన్ మోగింది, 58 అని. అమ్మ కంగారు పడి గ్లూకోజ్ తాగించింది, నేనూ తాగేశాను. నాకు వణుకు లేదు, చెమట లేదు, అయినా అంకె చూస్తే భయం వేస్తుంది కదా. తర్వాత వేలు గుచ్చి చూస్తే 150 పైన ఉంది. అప్పటికే గ్లూకోజ్ కడుపులో ఉంది, దానికి టెన్షన్ తోడైంది, ఐటెమ్ అయ్యేసరికి 290. అలా పెరిగినప్పుడు నోరు పిడచకట్టుకుపోతుంది, కాళ్లు ఇసుక మూటల్లా ఉంటాయి, మొహంలో అభినయం రాదు. చూసినవాళ్లు బాగా చేశావనే అన్నారు. నాకు తెలుసు ఎలా చేశానో.

మరి వేలు గుచ్చి చూసుకోవచ్చుగా అంటారు. చేతులకు పారాణి పెట్టుకుంటాం కదా, వేళ్ల కొసలన్నీ ఎర్రగా. దాని మీద గుచ్చితే రక్తం ఎక్కడుందో రంగు ఎక్కడుందో తెలియదు, వేలు శుభ్రంగా లేకపోతే మిషన్ చెప్పేదీ నమ్మలేం. అందుకని ఇప్పుడు ఎడమ చేతి ఉంగరం వేలికి మాత్రం చివర్లో, స్టేజికి పది నిమిషాల ముందు గుచ్చి చూసుకున్నాకే పారాణి పెట్టించుకుంటున్నాను. మేకప్ వేసే అక్కకు అలవాటైపోయింది, గిన్నె పట్టుకుని నా వెనకే తిరుగుతుంది పాపం.

ఇక డ్రెస్సు. ఇంతకుముందు వేరే చోట కుట్టించేవాళ్లం. ఎక్కడో చెప్పను. అక్కడ ఒకసారి కొలతలు తీసుకునేటప్పుడు నా చేతి మీద బిళ్ల చూసి, అది తీసేసి రండమ్మా అప్పుడు కొలుస్తాం అన్నారు. తీయకూడదండీ అంటే, మరి స్టేజి మీద కూడా ఉంటుందా, బాగుండదు కదా అన్నారు. ఒక కార్యక్రమం పెట్టినాయన అయితే ఇంకాస్త ముందుకెళ్లి, దేవుడి ముందు ఇలాంటి ప్లాస్టిక్కు ఏంటమ్మా, మేకప్పు రాసి కప్పేయకూడదా అన్నారు. నేను కప్పాను కూడా. కాంపాక్టు రాసి, పైన చర్మం రంగు ప్లాస్టరు వేసి. 16 ఏళ్లు అప్పుడు. నాట్యంలో ఆహార్యం అంటే పాత్రకు తగ్గ వేషం, నగ, అలంకారం అని మొదటి క్లాసుల్లోనే నేర్పుతారు. నా బిళ్ల ఏ పాత్రకూ తగదని నేనూ నమ్మాను చాలా రోజులు.

ఈ మాస్టారి దగ్గరకు వెళ్లినప్పుడు నేను చెయ్యి పైటతో కప్పుకునే కూర్చున్నాను. ఆయన టేపు తీసి భుజం కొలిచి చెయ్యి దగ్గరకు వచ్చేసరికి ఆగారు. ఇది ఎప్పుడూ ఈ చేతికేనా, మారుస్తావా అమ్మా అని అడిగారు. అంతే. ఏంటిది అని అడగలేదు, అయ్యో అనలేదు. రెండు వారాలకోసారి చెయ్యి మారుస్తానని చెప్పాను. అయితే రెండు చేతులకూ కుట్టాలి అన్నారు. ఎంత ఎత్తు ఉంటుంది, తడిస్తే ఊడుతుందా, పైన గుడ్డ తగిలితే పర్వాలేదా, లోహం తగలకూడదా, అన్నీ అడిగి నోటుబుక్కులో నా కొలతల పక్కన చెయ్యి బొమ్మ గీసి దాని మీద ఒక సున్నా చుట్టారు. మోచేతి నుంచి ఎన్ని అంగుళాలు, చంక నుంచి ఎన్ని అంగుళాలు అని ఆ సున్నాకు కూడా కొలతలు రాశారు. అమ్మ ఆ బుక్కు వైపే చూస్తూ కూర్చుంది.

ఆయన చేసింది ఏంటంటే, జాకెట్టు చేతికి లోపల లైనింగు గుడ్డలో బిళ్ల వచ్చే చోట గుండ్రంగా కత్తిరించి తీసేశారు. ఆ గుండ్రం చుట్టూ క్యాన్వాసు రెండు పొరలు వేసి రింగులా కుట్టారు. పైన పట్టు గుడ్డ మామూలుగానే ఉంటుంది, బయట నుంచి చూస్తే ఏమీ తెలియదు. ఒత్తిడి పడితే రింగు మీద పడుతుంది, బిళ్ల మీద పడదు. చెయ్యి కింద కుట్టు దగ్గర చిన్న ఎలాస్టిక్కు ముక్క వేశారు, చెయ్యి పైకెత్తినప్పుడు గుడ్డ లాగకుండా. ఇలా చెప్తే చిన్న పనిలా ఉంది కానీ ట్రయల్స్ మూడు అయ్యాయి. మొదటి ట్రయల్‌లో రింగు అరంగుళం కిందికి వచ్చింది, ఎందుకంటే ఆయన చెయ్యి దించి కొలిచారు, నేనేమో నాట్యారంభం భంగిమలో చేతులు భుజాల ఎత్తుకు చాపుతాను, అప్పుడు చేతి గుడ్డ మొత్తం పైకి జరుగుతుంది. ఒకసారి చేసి చూపించమ్మా అన్నారు. ఆ ఇరుకు గదిలో, రెండు మిషన్ల మధ్య, అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకు వంచి కూర్చుని, నాలుగు అడవులు (డాన్స్ అడుగులు) చేసి చూపించాను. ఆయన, ఆయన భార్య ఇద్దరూ నా చేతుల వెనకే తిరుగుతూ చాక్‌పీసుతో గీతలు పెట్టుకున్నారు.

వంకీ సంగతి ఆవిడ ఐడియా. లోహం వంకీ వద్దు, జరీ పట్టీతో గుడ్డ వంకీ చేసి చేతికే కుట్టేద్దాం అన్నారు. ముందువైపు రాళ్లూ పూసలూ అన్నీ ఉంటాయి, వెనకవైపు మాత్రం ఖాళీ, సన్నటి నాడా ఒకటి బిళ్లకు తగలకుండా కాస్త దిగువగా వెళ్తుంది. ప్రేక్షకులకు రెండు వరసల దూరం నుంచి కూడా తేడా తెలియదు, మా గురువు గారికే నేను చెప్తే గానీ తెలియలేదు. ఈ డ్రెస్సులు వేసుకున్న ఏడు ప్రోగ్రాముల్లో తప్పుడు అలారం ఒక్కటీ రాలేదు. ఈ ఒక్క వాక్యం కోసమే ఇదంతా రాస్తున్నాననుకోండి.

రెండో పని పైట. మామూలుగా పైట ముక్కను పిన్నులతో బిగించి పైన వడ్డాణం పెడతారు. పోయిన ఏడాది గుంటూరులో ఒక గుడి కార్యక్రమంలో తరంగం చేస్తూ పళ్లెం మీద ఉండగా నిజంగానే షుగర్ పడిపోయింది. ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి తాళానికి జరుగుతూ వెళ్లాలి, మామూలుగానే పిక్కలు అదురుతాయి. అదురుతున్నది అడుగు వల్లా షుగర్ వల్లా అని తేల్చుకోవడానికి నాకు ఎప్పుడూ ఒక గుర్తు ఉంది, పెదవుల చుట్టూ తిమ్మిరి వస్తే అది షుగర్. వచ్చింది. ఎలాగో దిగి పక్కకు వచ్చాను. గ్లూకోజ్ బిళ్లలు బ్యాగులో ఉన్నాయి, బ్యాగు గ్రీన్‌రూములో ఉంది, గ్రీన్‌రూము తాళం ఎవరి దగ్గరో ఉంది. చివరికి ప్రసాదం చక్కెర పొంగలి పెట్టారు ఎవరో, పని చేసింది కానీ నెయ్యి ఉన్నది తొందరగా ఎక్కదు, చాక్లెట్టు కూడా అంతే. ఆ పావుగంట అమ్మ మొహం నాకు ఇంకా గుర్తుంది. 15 గ్రాముల గ్లూకోజ్, లేదా మూడు స్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగి 15 నిమిషాలు ఆగి మళ్లీ చూసుకోవాలి, 70 దాటకపోతే మళ్లీ తాగాలి, ఇది నాకు పన్నెండో ఏటి నుంచి నోటికి వచ్చు. వచ్చి ఏం లాభం, చేతికి అందనప్పుడు.

ఇది చెప్తే మాస్టారు పైజమా నడుము పట్టీలో, ఫ్యాను ముక్క (ముందు విచ్చుకునే కుచ్చిళ్లు) కిందికి వచ్చేలా, నాలుగు గ్లూకోజ్ బిళ్లలు పట్టే సన్నటి జేబు కుట్టారు. ఒక్కో బిళ్లలో 4 గ్రాములు ఉంటుంది, నాలుగు చాలు. పైటకు ఎడమ పక్కన పిన్నుల బదులు ప్రెస్ బటన్లు వేశారు, వడ్డాణం తీయకుండానే చెయ్యి లోపలికి వెళ్తుంది, కావాలంటే పొట్టకు ఇంజెక్షను కూడా చేసుకోవచ్చు. ప్రోగ్రాము ముందు తొడకు చేసుకోను, కాళ్లు కదిలేకొద్దీ అక్కడి ఇన్సులిన్ త్వరగా ఒంట్లోకి ఎక్కుతుందని డాక్టరు గారు చెప్పారు, కాబట్టి పొట్టే. ఒకసారి జేబు కుడి వైపు కుట్టేశారు పొరపాటున. నేను కుడి చేత్తో తీయాలి కాబట్టి ఎడమ వైపు ఉంటేనే వీలు అంటే ఇంకో మాట లేకుండా విప్పి మళ్లీ కుట్టారు, దానికి డబ్బులు తీసుకోలేదు.

డ్రెస్సు గుడ్డ గురించి కూడా చెప్పాలి. నేను ధర్మవరం పట్టు తీసుకెళ్లాను, అందరూ అదే వేసుకుంటారని. ఆయన తిప్పి చూసి, బరువమ్మా, బెజవాడ ఎండకు ఇది వేసుకుని గంట ఎగిరితే చెమటకు ఆ బిళ్ల ఊడుతుంది అన్నారు. మంగళగిరి పట్టు తెచ్చుకోమన్నారు, నిజాం అంచుది. తేలిగ్గా ఉంటుంది, గాలి ఆడుతుంది, జరీ అంచు ఫ్యానుకు, పైటకు సరిగ్గా సరిపోతుంది. మంగళగిరి మనకు కృష్ణ దాటితే వచ్చేస్తుంది, అరగంట పని, అయినా ఇన్నేళ్లలో డాన్స్ డ్రెస్సుకు అది మాకు తట్టలేదు. మొదటిది ఆకుపచ్చకు ఎరుపు అంచు, రెండోది ఆవపువ్వు రంగుకు ఊదా. రెండోదాని అంచు రంగు మొదటి చెమటకే కొంచెం లైనింగుకు అంటింది, అది చీర కొన్న చోటి తప్పో నాదో తెలియదు, కుట్టే ముందు ఒకసారి తడిపి చూడమని ఆయన అన్నారు, నేనే తొందరపడ్డాను.

గజ్జెల పట్టీలు ఆయన పని కాదు, అయినా అడిగితే చేసిచ్చారు. మేం చెప్పుల్లేకుండా ఆడతాం. షుగర్ ఎక్కువ కాలం అదుపులో లేకపోతే పాదాల్లో స్పర్శ తగ్గుతుంది, పుండ్లు త్వరగా మానవు, కాబట్టి నేను ప్రతి రాత్రి అద్దం పెట్టుకుని అరికాళ్లు చూసుకుంటాను. గజ్జెల తోలు ఒరుసుకుని చీలమండ దగ్గర పోయిన వేసవిలో పుండు పడి మూడు వారాలు క్లాసు మానేశాను. ఆయన తోలు పట్టీ లోపలివైపు వెల్వెట్టు వేసి, దాని కింద మెత్తటి ఖద్దరు మడత కుట్టారు, ఖద్దరు విడిగా తీసి ఉతుక్కోవచ్చు. మిగిలిన పట్టు ముక్కతో ఇన్సులిన్ పెన్నులకు చిన్న సంచీ కూడా కుట్టిచ్చారు. వాడుతున్న పెన్ను 30 డిగ్రీల లోపు ఉండాలి, మే నెలలో బెజవాడలో 30 ఎక్కడుంటుంది చెప్పండి. అలాగని ఐసు మీద పెడితే గడ్డకట్టి పాడవుతుంది. చల్లటి సంచీ ఒకటి కొనుక్కున్నాను, దానికి పైన తొడుగు అన్నమాట. అది చూసిన ప్రతివాళ్లూ నగల సంచీ అనుకుంటారు.

ఇప్పుడు బాగోలేనివి. చెప్పిన రోజుకు ఇవ్వరు. మొదటి డ్రెస్సు తొమ్మిది రోజులు ఆలస్యం, రెండోది ఐదు రోజులు. దసరాకు ఇంద్రకీలాద్రి దగ్గర ప్రోగ్రాము ఉందని ముందే చెప్పినా ముందు రోజు రాత్రి తొమ్మిదిన్నరకు ఇచ్చారు, వేసి చూసుకోవడానికి టైము లేదు, ఆ టెన్షన్‌కి నాకు రాత్రంతా 200 పైనే ఉంది. ఇది నేను ఆయనతోనే చెప్పాను, తలవంచుకుని విన్నారు, మళ్లీ అలాగే చేశారు. ఫోన్ ఎత్తరు, మేడ ఎక్కి అడగాల్సిందే. మెట్లు చాలా ఇరుకు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకెళ్లకండి. నిలువుటద్దం లేదు, ఉన్న అద్దంలో నడుము దాకానే కనిపిస్తుంది, ఫ్యాను కుచ్చిళ్లు ఎలా విచ్చుకుంటున్నాయో చూసుకోవాలంటే అమ్మ ఫోన్‌లో వీడియో తీసి చూపించాల్సి వచ్చింది. కుచ్చిళ్లకు గంజి ఎక్కువ పెడతారు, రెండోదానిలో ఫ్యాను అట్టలా బిగుసుకుపోయింది, అరమండిలో కూర్చుంటే విచ్చుకోవాల్సినంత విచ్చుకోలేదు.

కుట్టు ఖర్చు గుడ్డ మనదైతే 6,500 అయింది నాకు, రింగులూ జేబూ బటన్లూ అన్నిటికీ కలిపి 400 ఎక్కువ తీసుకున్నారు. బయట కొన్ని చోట్ల ఇంతకంటే తక్కువకు కుడతారు. నా మటుకు నాకు ఈ 400 నేను పెట్టిన ఖర్చుల్లోకెల్లా విలువైనది. సెన్సరు తప్పు చెప్తే ఒక ప్రోగ్రాము పోతుంది, ఒక్కోసారి అంతకంటే పెద్దదే పోతుంది.

ఒక సంగతి చెప్పాలనిపిస్తోంది. ప్రోగ్రాము జరిగేటప్పుడు ఫోన్ అమ్మ దగ్గర ఉంటుంది, వింగ్‌లో నాకు కనిపించేలా నిలబడుతుంది. బిళ్ల చెప్పేది ఒంట్లో ఉన్నదానికి ఐదు పది నిమిషాలు వెనక ఉంటుంది, అందుకని అంకె కంటే దాని పక్కనుండే బాణం ముఖ్యం, పైకి పోతోందా కిందికి పోతోందా అని. అమ్మ అక్కడి నుంచి అరవడం కుదరదు కదా. అందుకే మేమిద్దరం డాన్స్ హస్తాలతో సైగలు పెట్టుకున్నాం. అమ్మ డాన్స్ నేర్చుకోలేదు, తనకు వచ్చినవి రెండే హస్తాలు. పతాకం (వేళ్లు కలిపి చాచిన అరచెయ్యి) పట్టిందంటే బాగుంది, కానిచ్చేయ్. ముష్టి (పిడికిలి) పట్టిందంటే షుగర్ దిగుతోంది, ఈ జతి (తాళానికి వేసే అడుగుల వరస) అవగానే పక్కకు రా. ఇది మాస్టారికి చెప్తే ఆయన ఒక్క నిమిషం ఆలోచించి, అయితే అమ్మ ఏ వైపు నిలబడుతుంది అని అడిగారు. ఎడమ వైపు అన్నాను. అందుకే జేబు ఎడమ వైపేనా అన్నారు. నేను కుడి చేతి వాటం గురించే ఆలోచించాను, ఇది నాకు తట్టలేదు. అమ్మ వైపు తిరిగి, ప్రేక్షకులకు వీపు కాకుండా ఒక పక్క చూపించి, గ్లూకోజ్ బిళ్ల తీసి నోట్లో వేసుకుని మళ్లీ తిరిగేంతలో అయిపోతుంది. తుమ్మలపల్లి కళాక్షేత్రంలో ఒకసారి అలాగే చేశాను, రెండు చరణాల మధ్య, వయొలిన్ వాయిస్తుంటే. ఎవరికీ తెలియలేదు. తెలిసినా నాకిప్పుడు బాధ లేదు.

మీ ఇంట్లో ఇలాంటి పిల్లలుంటే, సెన్సరే కాదు, ఇన్సులిన్ పంపు పెట్టుకునేవాళ్లు, గుండె ఆపరేషను మచ్చ ఉన్నవాళ్లు, నడుముకు బెల్టు కట్టుకునేవాళ్లు ఎవరైనా సరే, మొదటిసారి వెళ్లినప్పుడు దాచకుండా చూపించండి, మీరు వాడే వస్తువు కూడా పట్టుకెళ్లండి. కొలతల రోజు పిల్లలతో అడవులు చేయించండి, నిలబడి కొలిస్తే చాలదు. కనీసం రెండు నెలలు ముందు ఇవ్వండి, దసరా ఆర్డర్లు శ్రావణం వచ్చేసరికే ఆపేస్తారు. పొద్దున పదకొండు నుంచి ఒంటిగంట మధ్య వెళ్తే కాస్త ఖాళీగా ఉంటారు, సాయంత్రం కింద సందులో బండ్లు కదలవు.

రెండో డ్రెస్సు ఫ్యాను గంజి వదిలించి కుచ్చిళ్లు మళ్లీ పెట్టిస్తానన్నారు, సోమవారం తీసుకెళ్తున్నాను. అప్పుడు బిళ్ల కుడి చేతికి మారుతుంది, ఆ వైపు రింగు కూడా ఒకసారి వేసి చూపించాలి, అది ఇంకా స్టేజి మీద పరీక్షకు రాలేదు.